చేతిని వెతికే మాట

ఉత్తరం రాసినవాడి చేతిరాత ముత్యాల వరసలా ఉందట. ఆ సంగతి ముందు కనిపెట్టింది పోస్టాఫీసులో ముద్రలు కొట్టే ఆమె. ఆమె చెబితే విన్నది రొట్టెల కొట్టావిడ. రొట్టెల కొట్టావిడ నోట విని, తన వంతు ఉప్పూ కారం కలిపి, వేడి చల్లారకముందే వెర్నా గుమ్మంలో దించింది పక్కింటి పెద్దావిడ టాంటీ ఇస్మే.

"నాకెందుకులే పిల్లా, ఒకరి జోలికి పోయేదాన్నా నేను," అంటూ మెట్టు మీద కూలబడింది టాంటీ. "కానీ విన్నది చెప్పకపోతే నాకు ముద్ద దిగదు. నీ మీద జాజికాయల సంఘం పెద్దలకి ఉత్తరం పడిందట. అడుగున పేరు లేదట. కవరు చించలేదని పోస్టాఫీసావిడ ఒట్టేసి చెప్పింది. చించకుండా ఎలా చదివిందో ఆవిడకీ, ఆవిడ కెటిల్ ఆవిరికీ తెలియాలి. అందులో ఒక పెద్ద మాట ఉందట. అంత పెద్ద మాట కోర్టులో తప్ప వినమట."

వెర్నా ఉప్పుచేప నానేసిన నీళ్ళు పారబోస్తూ అడిగింది. "ఏం మాట?"

"నా నోరు తిరగదు. తిరిగినా పలకను. నా కోళ్ళు గుడ్ల మీదున్నాయి."

వెర్నా నవ్వింది గానీ, ఆ పూట ఉడకేసిన సీమపనస చప్పగా అనిపించింది. ఉప్పు వేశానా లేదా అని రెండుసార్లు నాలిక్కి రాసుకుని చూసుకుంది.

మూడోనాడు సంఘం వ్యాన్ కొండెక్కి వచ్చింది. జాపత్రి మూటలు ఎక్కించుకుంటూ డ్రైవరు ఒక కవరు వెర్నా చేతిలో పెట్టాడు. ఆమె మొహం వంక చూడకుండా పెట్టాడు. దాన్నిబట్టే లోపల ఏముందో సగం అర్థమైంది ఆమెకి.

బెల్ మోర్న్ ఊరికి జాజికాయలు కొనే సంఘం స్టేషనే అన్నం కుండ. చుట్టూ ఉన్న వాలుల్లో ఏ ఇంటికైనా నాలుగో పదో జాజికాయ చెట్లుంటాయి. పండు పగిలి కాయ రాలుతుంది. రాలినదాన్ని రాలినట్టు ఏరాలి. ఎర్రటి జాపత్రి ఒలిచి వేరే పెట్టాలి. కాయల్ని బుట్టకెత్తుకుని స్టేషన్‌కి తేవాలి. అక్కడ కిటికీ వెనక ఎత్తుబల్ల మీద కూర్చుని వాటిని తీసుకునేది వెర్నా. ఆమె పక్కన నీళ్ళ పీపా. ప్రతి బుట్టలోంచీ ఒక గుప్పెడు తీసి పీపాలో వేస్తుంది. గట్టి కాయ రాయిలా మునుగుతుంది. తడి నేల మీద పడుండి లోపల బూజు పట్టింది పైకి తేలుతుంది. తేలినవి ఎక్కువైతే ఆ బుట్ట వచ్చిన దారినే వెనక్కి. మేనమామ తెచ్చినా అంతే, పాదిరిగారు తెచ్చినా అంతే. పదకొండేళ్ళలో వెర్నా చెయ్యి వంకర పోయిందని ఎవరూ అనలేదు.

కవరులో టైపు కొట్టిన కాగితం ఉంది. ఆకాశరామన్న ఉత్తరానికి నకలు. ఆమె దాన్ని పీపా పక్కన నిలబడే చదివింది.

"బెల్ మోర్న్ స్టేషన్‌లో కాయలు తీసుకునే మిస్ వెర్నా నడవడి మన సరుకుకున్న మంచి పేరును జెపర్డైజ్ చేస్తోంది. సెప్టెంబరులో ఒక ఇంటి బుట్టను ఆమె నీళ్ళలో వేయకుండానే తీసుకుంది. ఆ బుట్టలో పది కాయలకు ఆరు తేలేవే. ఇది ఒక్కసారి జరిగింది కాదు. ఓడలో పంపిన సరుకు వెనక్కి వచ్చేలోగా పెద్దలు కళ్ళు తెరవాలి."

కింద సంఘం వాళ్ళ వాక్యం ఒక్కటే. గురువారం పొద్దున ఆఫీసరు వస్తున్నారు, రైతులందరినీ పిలిచి ఉంచండి, మీ జవాబు అప్పుడు చెప్పండి.

వెర్నా కాగితం మడిచి గౌను లోపల దోపుకుంది. నీళ్ళలో వేయకుండా తీసుకున్న మాట నిజమే. అదే వచ్చిన చిక్కు.

ఆ ఊరి ఆనవాయితీ అది. ఇంట్లో ఎవరైనా పోతే తొమ్మిది రాత్రులు ప్రార్థన జరగాలి. తొమ్మిది రాత్రులూ ఆ ఇంటివాళ్ళు తోటలో కాలు పెట్టరు, కింద పడ్డది ముట్టరు. పోయినవాళ్ళు చివరిసారి తమ చెట్లు చూసుకుంటారని, వాళ్ళ కాళ్ళకి అడ్డం పడకూడదని పెద్దల మాట. ఇంటికొచ్చిన వాళ్ళకి కాఫీ, రమ్ము, పాటలు, డొమినో ఆట. తోటలో మాత్రం కాయలు రాలినవి రాలినట్టే ఉంటాయి. వానాకాలంలో అయితే తొమ్మిది రోజుల తడి. పదో రోజు ఏరి తెచ్చిన మొదటి బుట్టని స్టేషన్‌లో నీళ్ళలో వేయరు. ఏడ్చి ఏడ్చి వచ్చిన మనిషి ఎదట ఆమె కాయల్ని పీపాలో వేసి, ఇవి తేలాయమ్మా తీసుకుపో అనడానికి ఎవరికి నోరొస్తుంది? ముందు ఆ బల్ల మీద కూర్చున్న ముసలామె అలాగే చేసింది. వెర్నాకి పని నేర్పినప్పుడు అదీ నేర్పింది. ఎక్కడా రాయలేదు. రాయాల్సిన పని లేదు, ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు.

ఆ సంగతి తెలిసింది ఊళ్ళోవాళ్ళకే గనక, రాసిందీ ఊరివాడే. ఆ ముక్క మనసులో పడ్డాక వెర్నాకి కిటికీ ముందు వరసలో నిలబడ్డ ప్రతి మొహమూ మారిపోయింది. నిన్నటిదాకా "గుడ్ మార్నింగ్ వెర్నా" అన్నవాడు ఇవాళా అదే అంటే, ఏమిటి ఇంత తియ్యగా అంటున్నాడు అనిపించింది. అననివాడిని చూసి, ఎందుకు మాట మింగాడు అనిపించింది. గుప్పెడు కాయలు నీళ్ళలో వేసి, అవి మునిగాక కూడా ఇంకో గుప్పెడు వేసి చూసింది. వరసలో వాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

సాయంత్రం ఆమె మాస్టారింటికి బయల్దేరింది. అర్థం తెలియని మాట ఇంట్లో ఉంటే పాము దూరినట్టే ఉంటుంది, ఎక్కడుందో తేలేదాకా మంచమెక్కలేం.

కత్‌బర్ట్ మాస్టారు ఆ ఊరి బడిలో ముప్పై ఎనిమిదేళ్ళు పని చేశాడు. బెల్ మోర్న్‌లో నలుగురు చదవగలిగే అక్షరం రాసేవాళ్ళందరూ ఆయన బెత్తం కింద పెరిగినవాళ్ళే. ఊరి మాట ఇంట్లో మాట్లాడుకోండి, ఇంగ్లీషు మాట మాత్రం చొక్కా బొత్తాలు పెట్టుకుని మాట్లాడండి అనేవాడు. సెప్టెంబరులో భార్య హిల్డా పోయింది. అప్పట్నుంచి మనిషి నీడలా అయిపోయాడు.

వరండాలో బల్ల ముందు కూర్చుని కందికాయలు ఒలుస్తున్నాడు. గింజలు రంగు పోయిన సత్తుగిన్నెలో పడుతున్నాయి.

"రా వెర్నా. నువ్వూ ఒలువు. ఊరికే కూర్చునేవాళ్ళకి మా ఇంట్లో కుర్చీ లేదు."

ఆమె కూర్చుని కాగితం ఇచ్చింది. ఆయన దాన్ని వేళ్ళ మధ్య ఒక్క నిమిషం పట్టుకుని, మడత మడతగానే బల్ల మీద పెట్టాడు.

"జెపర్డైజ్ అని ఉంది మాస్టారూ. దానర్థం పూర్తిగా చెప్పండి. గురువారం దానికి జవాబు చెప్పాలి నేను. పాడు చేశానని అంటోందా ఆ మాట?"

"లేదు."

"దొంగతనం చేశాననా?"

"అదీ కాదు." మాస్టారు ఒక కాయ చిదిపాడు. "పాడైపోయినదానికి ఈ మాట వాడరు. పోయినదానికీ వాడరు. వస్తువు ఉంది, ఇంకా మనదే. కానీ అంచుకి జరిగింది. ఇదిగో ఇలా."

గిన్నెని వేలితో తోశాడు. అది బల్ల అంచు దాటి సగం గాల్లో నిలబడింది. వెర్నా చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళింది, పడితే పట్టుకుందామని.

"చూశావా? గింజ ఒక్కటీ పడలేదు. కానీ నీకు గుండె ఝల్లుమంది. ఆ తోయడం పేరు జెపర్డైజ్ చెయ్యడం. గిన్నె పడి గింజలు మట్టిలో కలిస్తే అప్పుడు ఈ మాటకి పని లేదు, వేరే మాటలొస్తాయి."

"పిల్లి తోస్తే?"

"పిల్లి తోసినా అనొచ్చు. వానకి పంట పోయేలా ఉన్నా అనొచ్చు, తప్పేం కాదు. కానీ ఆఫీసు ఉత్తరంలో ఈ మాట రాస్తే వాన కోసం రాయరు. మనిషి కోసం రాస్తారు. ఈ మాట చేతిని వెతుకుతుంది వెర్నా. ఎవరి చెయ్యి తోసింది అని."

ఆమె గిన్నెని వెనక్కి లాగి మధ్యలో పెట్టింది. "రిస్క్ అని రాయొచ్చుగా. ఆ మాట నాకు తెలుసు. భయమూ తగ్గేది."

"రెండూ ఒకటి కాదు. వరదలో పడ్డ పిల్లని లాగడానికి నువ్వు దూకావనుకో. వెర్నా ప్రాణం రిస్క్ చేసింది అంటాం, మెచ్చుకుంటూ. ప్రాణాన్ని జెపర్డైజ్ చేసింది అన్నామంటే ఆ అన్నదాంట్లో తిట్టు ఉన్నట్టే, ఆ తెలివితక్కువ పని ఎవరు చెయ్యమన్నారని. ఇంకోటుంది, ఎండేంజర్. అది ఎక్కువగా ఊపిరున్న వాటికి. తాబేళ్ళకి, పసిపిల్లలకి. ఇదేమో ఉద్యోగానికి, పేరుకి, నమ్మకానికి, కుదరబోయే బేరానికి. పాత చెప్పుని జెపర్డైజ్ చేశాడంటే జనం నవ్వుతారు. విలువైనది అయితేనే ఈ మాట."

"అయితే రాసినవాడికి మన స్టేషన్ అంటే విలువ ఉందన్నమాట."

మాస్టారు ఒలిచిన తొక్కల్ని ఒక పక్కకి ఊడ్చాడు. "ఉండే ఉంటుంది," అన్నాడు. "మీ అమ్మమ్మ పాత్వా మాట్లాడేది కదా, దాని తల్లి ఫ్రెంచిలో జూ అంటే ఆట. ఈ మాట ఆ వైపు నుంచి వచ్చిందే. చెరిసగం ఆట. అటైనా పడొచ్చు, ఇటైనా పడొచ్చు."

"నా నెత్తిన ఎవరో ఆడుకున్నారు లెండి," అంది వెర్నా లేస్తూ. "ఎవరై ఉంటారు మాస్టారూ?"

"అది మాత్రం డిక్షనరీలో ఉండదు," అన్నాడాయన, కందికాయల వంకే చూస్తూ.

దారిలో ఆమె ఆలోచనలు కొండదారిలాగే మెలికలు తిరిగాయి. బల్ల పోతే ఆమెకి వేరే ఆధారం లేదు. ఇంట్లో మంచాన పడ్డ తల్లి, నలభై నాలుగేళ్ళ తాను. అలవాటు ఊరిదని తెలిస్తే సంఘం స్టేషనే మూసేయొచ్చు, అప్పుడు ఊరి సంగతి ఇంకా అన్యాయం. నెత్తిన బుట్టలు పెట్టుకుని సముద్రం ఒడ్డున ఉన్న పట్నం దాకా దిగాలి. టాంటీ ఇస్మే మోకాళ్ళకి చర్చి మెట్లెక్కడమే గగనం. ఈ రెండింట్లో ఏదో ఒకటి గురువారం నాడు తెగిపోతుంది. తెగేలా చేసిన మొనగాడు ఎక్కడో కూర్చుని కోకో టీ తాగుతున్నాడు.

ఉత్తరాన్ని మళ్ళీ మనసులో చదువుకుంది. పది కాయలకు ఆరు. అక్కడ ఆగింది. ఆ బుట్టని తను నీళ్ళలో వేయలేదు కదా. మరి ఆరు తేలతాయని రాసినవాడికి ఎలా తెలుసు? స్టేషన్‌కి రాకముందే ఎవరో నీళ్ళలో వేసి చూసుండాలి. అంటే బుట్ట ఎవరిదో ఉత్తరమూ వాళ్ళదే. సెప్టెంబరులో ఊళ్ళో రెండే చావులు. మాస్టారి భార్య ఒకటి. క్లీటస్ తండ్రి రెండోది.

మాస్టారి పేరు తట్టగానే లెంపలేసుకున్నంత పని చేసింది. ఇక మిగిలింది క్లీటస్.

క్లీటస్‌ని అనుమానించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. స్టేషన్‌లో కాయలు ఆరబెట్టే పని అతనిది. వెర్నా, అతను ఒకే తరగతి. ఆ బల్ల తనకి రావాల్సిందని, ఆడదాని మొహం చూసి ఇచ్చారని రమ్ము దుకాణంలో నాలుగుసార్లన్నా అన్నాడు. ఆమె మర్నాడు పొద్దున్నే స్టేషన్ మేడ మీదికెక్కింది. పొడుగాటి చెక్క తొట్లలో పరిచిన కాయల్ని అతను దంతెతో తిరగేస్తున్నాడు.

"రాణీగారు సింహాసనం దిగొచ్చారే," అన్నాడు క్లీటస్. "ఏమిటి విశేషం? బల్ల కింద చెదలు పట్టిందా?"

"పట్టింది. ఎవరో ఉత్తరం రాసి పట్టించారు."

"నేనే అని అడగడానికొచ్చావు."

"కాదని చెప్పించుకోడానికొచ్చాను."

అతను దంతె గోడకి ఆనించాడు. "నీ బల్ల మీద నాకు కన్నుంది, లేదనను. నువ్వు జారిపడితే నవ్వుతాను కూడా. కానీ కాగితం మీద నేను సంతకం తప్ప ఏం రాస్తానో నీకు తెలుసు. బడిలో నా వ్యాసాలు నువ్వే కదా రాసిపెట్టింది, రెండు మామిడిపళ్ళకి."

"మీ నాన్న తొమ్మిది రాత్రుల బుట్ట సెప్టెంబరులో తెచ్చావు. తెచ్చేముందు నీళ్ళలో వేసి చూశావా?"

క్లీటస్ ఆమె మొహంలోకి వింతగా చూశాడు.

"నాకేం పిచ్చి? వేస్తే తేలతాయి. తేలడం కళ్ళారా చూశాక తేవడానికి మనసు రాదు. అందుకే వేయలేదు. ఊళ్ళో ఎవరూ వేయరు వెర్నా. మేం చూసుకోం, నువ్వు చూడవు. ఇన్నాళ్ళూ బండి అలాగే నడిచింది."

"ఆ కాయలు పైకొచ్చాక ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? మిగతావాటితో కలిపి పరుస్తాను. వాసనొచ్చినవి ఏరి పారేస్తాను. దొరికినన్ని దొరుకుతాయి." దంతె మళ్ళీ అందుకున్నాడు. "దొరకనివి ఓడెక్కుతాయి."

వెర్నా మెట్లు దిగుతూ సగంలో నిలబడిపోయింది. క్లీటస్ అబద్ధమాడితే ఎడమ చెవి లాక్కుంటాడు, బడినుంచీ అంతే. ఇప్పుడు రెండు చేతులూ దంతె మీదే ఉన్నాయి. మరి మిగిలింది ఒక్క ఇల్లే.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. కళ్ళజోడు లేనిదే మాస్టారు బైబిలు అక్షరం కూడా చదవలేడు. నిన్న కళ్ళజోడు చొక్కా జేబులోనే ఉంది, తీయలేదు. కాగితం మడతన్నా విప్పలేదు. ఎవరై ఉంటారని తను అడుగుతుంటే ఎదురుగా కూర్చుని కందికాయలు ఒలిచాడు.

ఆ రెండు రోజులూ ఆమె ఎవరికీ చెప్పలేదు. టాంటీ ఇస్మే రోజుకో పేరు మోసుకొచ్చింది. ఒకనాడు రొట్టెల కొట్టావిడ మొగుడన్నది, ఇంకోనాడు పాదిరిగారి వంటమనిషన్నది. "నువ్వేం మాట్లాడవేంటి పిల్లా, ఎవరో తెలిసిపోయిందా ఏంటి?" అని కళ్ళు చిన్నవి చేసి చూసింది. "నన్ను కాదు కదా అనుకుంటున్నది? నాకు రాయడం వస్తే నా మొగుడు పోయినప్పుడే కోర్టులో గెలిచేదాన్ని." వెర్నా తల అడ్డంగా ఊపింది. ఆయన ఎందుకు చేశాడో అర్థం కాలేదు. తన మీద పగా? ఏనాటి పగ? హిల్డా తొమ్మిది రాత్రులూ కాఫీ కాచింది తను. పదో రోజు ఆయన బుట్ట పట్టుకుని కిటికీ దగ్గరకొస్తే, లేచి నిలబడి రెండు చేతులా అందుకుంది.

గురువారం వాన వెలిసింది. స్టేషన్ ఆవరణలో నలభైమంది దాకా చేరారు. బెంచీల మీద కొందరు, బోర్లించిన బుట్టల మీద కొందరు. మామూలుగా అయితే అలాంటి గుంపులో నవ్వులూ ఎకసెక్కాలూ ఉంటాయి. ఆ పొద్దు మనిషికీ మనిషికీ మధ్య మూరెడు చోటు వదిలి కూర్చున్నారు. ఎవరు దగ్గినా అందరి తలలూ అటు తిరిగాయి.

సంఘం ఆఫీసరు మిసెస్ కోర్డెల్ పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. గొంతు పెంచదు. ఉత్తరం చదివి వినిపించింది. జెపర్డైజ్ దగ్గర కొంచెం ఆగి చదివింది.

"నేను తిట్టడానికి రాలేదు," అంది. "రెండు మాటలు చెప్పి పోతాను. ఇంతవరకూ సరుకు వెనక్కి రాలేదు. వస్తే మన ఒక్క స్టేషన్‌తో పోదు, కొన్నవాళ్ళు అందరి దగ్గరా కొనడం మానేస్తారు. అందుకని నాకొకటి తెలియాలి. ఇది కాయలు తీసుకునే మనిషి చేసిన తప్పా, ఊరి అలవాటా? మనిషి తప్పయితే మనిషిని మారుస్తాం, స్టేషన్ నడుస్తుంది. ఊరు ఊరంతా ఇదే అలవాటైతే బల్ల మీద ఎవరిని కూర్చోబెట్టినా ఒకటే. తలుపులు మూసేస్తాం. చెప్పండి."

ఒకరిద్దరు బెంచీల మీద సర్దుకున్నారు.

వెర్నా కిటికీ పక్కన నిలబడి ఒక్కొక్కరినీ చూసింది. తండ్రి పోయినప్పుడు ఆ మూల కూర్చున్నవాడు తెచ్చిన బుట్ట, బిడ్డ పోయినప్పుడు ఆ పచ్చ గౌనామె తెచ్చిన బుట్ట, టాంటీ ఇస్మే తమ్ముడి బుట్ట. పదకొండేళ్ళ బుట్టలన్నీ ఆమెకి మొహాలతో సహా గుర్తున్నాయి. ఆ మొహాలన్నీ ఇప్పుడు కాలి వేళ్ళు చూసుకుంటున్నాయి. టాంటీ ఇస్మే ఒక్కసారి నోరు తెరిచింది. పక్కవాళ్ళ వంక చూసి మళ్ళీ మూసుకుంది.

వాళ్ళని అనడానికేముంది? ఏ ఒక్కరు నిజం చెప్పినా తలుపులు పడతాయి. క్లీటస్ మాత్రం తలెత్తి ఆమెనే చూస్తున్నాడు, ఏం చేస్తుందా అని. బల్ల ఖాళీ అవుతుందని సంతోషమూ లేదు ఆ చూపులో. మాస్టారు వెనక వరసలో, టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఊరికేం సంబంధం లేదు మేడమ్," అంది వెర్నా. "నేనే. చావు జరిగిన ఇంటి బుట్టని నీళ్ళలో వేయడానికి నాకు చేతులు రాలేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ బతిమాలలేదు. ఆ పీపా పక్కన ఉన్న చెయ్యి నాది. వేయకపోయింది నేను."

"ఎన్నిసార్లు?"

"ప్రతిసారీ."

మిసెస్ కోర్డెల్ ఉత్తరం మడిచి పెట్టింది. నమ్మిందో లేదో మొహంలో తెలియలేదు. సంచీలోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు రాసి, పెన్ను వెర్నా చేతికిచ్చింది. వెర్నా సంతకం పెట్టింది. నడుముకి వేలాడే తాళంచెవుల గుత్తి విప్పి బల్ల మీద పెట్టింది. ఆ చప్పుడుకి గుంపు మొత్తం ఒకేసారి ఊపిరి వదిలింది. స్టేషన్ నిలబడింది. అందరికీ అర్థమైంది, కానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"సోమవారం నుంచి కొత్త మనిషి వస్తారు," అంది మిసెస్ కోర్డెల్. "ప్రతి బుట్టా నీళ్ళలో పడుతుంది. ఏ ఇంటిదైనా."

ఇక ఆగలేకపోయింది టాంటీ ఇస్మే. మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"అయిపోయిందా మేడమ్? అయితే నాదొక మాట. ఈ పిల్ల పేరు చెప్పుకుని తప్పు ఒప్పుకుంది. ఆ ఉత్తరం రాసినవాడు ఈ ఆవరణలోనే కూర్చున్నాడు, నా ముక్కు చెబుతోంది. వాడికి పేరు లేదా? తల్లి పెట్టలేదా? ముత్యాల్లాంటి అక్షరాలు రాసే ఆ చెయ్యి ఒక్కసారి పైకెత్తితే చూసి పోతాం."

మూరెడు దూరాలు రెండు మూరలయ్యాయి. ఎవరి చేతులు వాళ్ళు చంకల్లో పెట్టుకున్నారు. వెర్నా వెనక వరస వైపు చూడకుండా నేల చూసింది. చెప్పదలచుకోలేదు ఆమె. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ ఊరికి అక్షరం చెప్పిన మనిషిని జనం నోట్లో వేసి నమిలించడం ఆమె వల్ల కాదు.

వెనక బెంచీ జరిగిన చప్పుడైంది.

"నేనే రాశాను," అన్నాడు కత్‌బర్ట్ మాస్టారు.

టాంటీ ఇస్మే నిలబడ్డచోటే ఉండిపోయింది. పచ్చ గౌనామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన చదువు చెప్పిన ముప్పైమంది, బడిలో లేచినట్టే, తెలియకుండానే సగం లేచి మళ్ళీ కూర్చున్నారు.

"ఆ బుట్ట నాదే," అన్నాడు మాస్టారు టోపీ అంచు తిప్పుతూ. "హిల్డా పోయిన పదో రోజుది. తెచ్చేముందు పెరట్లో తొట్టిలో వేసి చూశాను. పదికి ఆరు తేలాయి. మళ్ళీ తుడిచి బుట్టకెత్తాను. అది మనసుని తొలుస్తుంటే, నా పేరు పెట్టే ధైర్యం లేక వెర్నా పేరు రాశాను."

వెర్నా తలెత్తింది. రెండు రోజులుగా ఆమెకి అంతుపట్టనిది ఈ చూసి తేవడమే. కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. క్లీటస్ చూసుకోకుండా తెచ్చాడు, ఊరంతా చూసుకోకుండా తెచ్చారు. ఈయన ఒక్కడే చూసి తెచ్చాడు.

"తేలినవని కళ్ళారా చూశారు కదా మాస్టారూ," అంది. "మరి నా దగ్గరికి ఎందుకు తెచ్చారు?"

మాస్టారు టోపీ తిప్పడం ఆపాడు.

"నువ్వు నీళ్ళలో వెయ్యవని తెలుసు కాబట్టి."